పొగ పోయినది, భారమెవరిపైఁ బడినది?

మన పట్టణముల వీథులయందు నేఁడొక క్రొత్త నిశ్శబ్దము ప్రవేశించినది. పెట్రోలు బండి యెంత దూరమున నున్నను తన రాకను తానే చాటుకొనెడిది. ఈ క్రొత్త బండి పిల్లివలె వచ్చి ప్రక్కన నిలుచుచున్నది. పాలవాఁడు, గుమాస్తా, కళాశాల విద్యార్థి, ఇంటింటికి సరకులు చేర్చు కుఱ్ఱవాఁడు, ఒకరి తరువాత నొకరు విద్యుద్వాహనము నెక్కుచున్నారు. తిరుమల కొండదారిలో 2022 నుండి విద్యుద్బస్సులు తిరుగుచున్నవి. కేంద్రప్రభుత్వము ఈ బండ్ల కొనుగోలునకు 2015లో నొక పథకముతో సాయము చేసి, 2024 అక్టోబరున 10,900 కోట్ల రూపాయలతో మఱియొక పథకమును నెలకొల్పినది. సభలయందును, పత్రికలయందును, ప్రకటనలయందును దీనిని గూర్చి వినవచ్చునదంతయు స్తోత్రమే. ఆ స్తోత్రములో నసత్యము లేదు. కాని దానిలో నున్నది సగము లెక్క మాత్రమే. తక్కిన సగమును బాఠకుల యెదుట నుంచుట నేఁటి మా యుద్దేశము.

మొదటనే యొక మాట చెప్పవలసియున్నది. మేము విద్యుద్వాహనమునకు విరోధులము కాము. మన దేశము తాను వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశముల నుండి కొనుచున్నది. ఎక్కడనో పశ్చిమాసియాలో ఫిరంగి మ్రోఁగినచో నిక్కడ కూరగాయల బండి కిరాయి పెరుగుచున్నది. ఇట్టి పరాధీనత నుండి విముక్తి గోరనివాఁ డెవఁడు? మఱియు బండి పుట్టినది మొదలు తుక్కగువఱకు లెక్కించినచో, మన విద్యుత్తులో నధికభాగము బొగ్గు నుండియే పుట్టుచున్నను, విద్యుద్వాహనము పెట్రోలు బండికంటెఁ దక్కువ బొగ్గుపులుసు వాయువునే గాలిలోఁ గలుపుచున్నది. నాలుగు వీథుల కూడలిలో నిలిచి పగలెల్ల పొగ మ్రింగు పోలీసు జవానుకును, బాటప్రక్కన పండ్లమ్ము స్త్రీకిని ఇది గొప్ప మేలు. ఈ మేలును మేము మనఃపూర్వకముగా నంగీకరించుచున్నాము.

అయినను మంచి పనియైనంత మాత్రమున లెక్కవ్రాయుట మానరాదు. వర్తకుఁడు తన పద్దుపుస్తకములో రాబడినే వ్రాసి ఖర్చును వ్రాయకున్నచో నేమగునో మన పాఠకులకుఁ జెప్పనక్కఱలేదు. విద్యుద్వాహనము భారమును నశింపఁజేయుట లేదు. దానిలోఁ గొంత తగ్గించి, కొంత యొక చోటినుండి మఱియొక చోటికిఁ జేర్చుచున్నది. మన కంటి యెదుటి పొగ కొంత యితరుల కంట నీరగుచున్నది. మన చమురు దాస్యము కొంత లోహదాస్యముగా మాఱుచున్నది. మన వీథి మురికి కొంత వేఱొకరి పెరటి మురికి యగుచున్నది. ఈ మాఱిన భారమును మోయువారెవరు? వారినెవరైన నడిగిరా? ఇదియే ప్రశ్న.

ముందుగా దాస్యము సంగతి. ఈ బండ్లలోఁ బెక్కింటి మోటారులకు మిక్కిలి బలమైన అయస్కాంతములు కావలెను. అవి నియోడిమియము మొదలైన విరళ మృత్తికా లోహములతోఁ జేయఁబడును. ఈ లోహములు పేరునకు విరళములే గాని భూమిలో నంత యరుదు గావు. వానిని వేఱుపఱచి, శుద్ధిచేసి, అయస్కాంతములుగా మలచు విద్యయే యరుదు. ఆ విద్యను చీనాదేశము నలువది యేండ్లుగాఁ బట్టుదలతో నభ్యసించి, నేఁడు లోకములోని యిట్టి యయస్కాంతములలో నూటికి సుమారు 90 పాళ్లు తానే చేయుచున్నది. 2025 ఏప్రిలు 4వ తేదీన నా ప్రభుత్వము ఏడు విరళ లోహములకును, వానితోఁ గూడిన యయస్కాంతములకును అనుమతిపత్రము లేనిదే యెగుమతి గాకుండ నాజ్ఞ చేసినది. ఫలితమేమి? బండిలో నరచేతఁ బట్టు వస్తువు రాకపోవుటచే మన దేశములో కొన్ని కర్మాగారములు బండ్ల యుత్పత్తిని దగ్గించుకొనవలసివచ్చినది. చమురుబావి యొడయని గుమ్మము విడిచి యయస్కాంతపు వర్తకుని గుమ్మము ముందు నిలుచుటయే స్వాతంత్ర్యమా? పెనము మీఁదినుండి పొయ్యిలోఁ బడుట యని దీనిని మన పెద్దలు చెప్పుదురు.

ఇందు మన తెలుగుసీమకు సంబంధించిన కథ యొకటి కలదు. భీమునిపట్టణము మొదలుకొని మన తూర్పు తీరమున నల్లని యిసుక పఱచుకొనియున్నది. ఆ యిసుకలో మోనజైటను ఖనిజ ముండును. దానిలో నీ విరళ లోహములు గలవు. ఒడిశాలోను కేరళలోను ఇట్టి యిసుకనుండి కేంద్రప్రభుత్వ సంస్థ యెన్నియో యేండ్లుగా లోహపు లవణములను దీయుచున్నది. 2012లో జపానుతో జరిగిన యొడంబడిక ననుసరించి యా సరకులో కొంత విశాఖపట్టణము దాపున శుద్ధియై యోడ నెక్కి జపానుకుఁ బోయినది. అక్కడ నది యయస్కాంతమైనది. పత్తి మాంచెస్టరునకుఁ బోయి బట్టయై తిరిగివచ్చిన దినములను మన తాతలు చూచిరి. ముడి సరకు మనది, పనితనము పరులది, వెల మనము చెల్లించునది యను నా పాతకథయే స్వతంత్ర భారతమునందును మఱల వ్రాయఁబడుట మాకు వింతగాఁ దోఁచుచున్నది. విశాఖ దాపున 2023 మేలో జాతి కంకితము చేయఁబడిన ప్రభుత్వ కర్మాగారము ఏఁడాదికి 3,000 కిలోల సమేరియము, కోబాల్టు అయస్కాంతములను జేయుటకు నిర్మింపఁబడినది. అది రక్షణ, అంతరిక్ష, అణుశక్తి శాఖల యక్కఱలకు. వీథిలోని బండ్ల కోట్ల సంఖ్యకు నది సముద్రములో నొక బిందువు. చీనా యాజ్ఞ తగిలిన పిమ్మట, 2025 నవంబరులో, 7,280 కోట్ల రూపాయల పథకముతో నయస్కాంత పరిశ్రమను బ్రోత్సహించుటకుఁ గేంద్రమంత్రివర్గ మంగీకరించినది. చేతులు కాలిన పిమ్మటనైనను ఆకుల వెదకుట మేలే.

కాని స్వదేశీయమను పేరున మఱియొక యన్యాయము జరుగరాదు. మోనజైటులో విరళ లోహములతోఁబాటు థోరియమను కిరణములు వెలార్చు ధాతువు కూడ నున్నది. ఇసుకను ద్రవ్వినప్పుడు తీరపు దిబ్బలు పోవును. దిబ్బలు పోయినచోఁ దుపానుకు అడ్డు తగ్గును. ఆ తీరముననే మన పల్లెకారులు వలలారవేసికొని బ్రతుకుచున్నారు. పట్టణవాసి బండికి వలయు నయస్కాంతము కొఱకు పల్లెకారుని గుడిసె కదలవలసివచ్చినచో, ఆ మాటను ముందుగా నతని గ్రామసభలోఁ దెలుఁగులోఁ జెప్పి, అతని సమ్మతిని బొంది, లాభములో నతనికిఁ బాలు నిర్ణయించిన పిమ్మటనే పాఱ దింపవలెను. ఇది దయ గాదు, ధర్మము.

ఇఁక మన కంటికిఁ గానరాని దూరదేశముల సంగతి. బ్యాటరీలలోఁ గొన్నింటికిఁ గోబాల్టు కావలెను. లోకమునఁ ద్రవ్వి తీయు కోబాల్టులో మూఁడింట రెండు పాళ్లకు మించి యాఫ్రికాలోని కాంగో దేశము నుండియే వచ్చుచున్నది. అక్కడ కోల్వేజీ ప్రాంతమునఁ బెద్ద యంత్రపు గనులతోఁబాటు, చేతి గునపములతో సొరంగములు ద్రవ్వి బ్రతుకు నిరుపేదలును వేలకొలఁది గలరు. ఆ పనిలోఁ బసిపిల్లలు కూడ నున్నారని 2016లోనే మానవహక్కుల సంఘమువారు లోకమునకుఁ జాటిరి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అతకామా యను నెడారి యున్నది. లోకమున నంతకన్న వాన తక్కువ కురియు నేల మిక్కిలి యరుదు. అక్కడ భూగర్భములోని యుప్పునీటిని దోడి, చెఱువులంత మడులలో నెండఁబెట్టి లిథియము తీయుచున్నారు. ఆ నేలపైఁ దరతరములుగా మేకలను మేపుకొని, చిన్న చేలు చేసికొని బ్రతుకు నాదిమజాతులవారు తమ నీటి యూటలకై మొఱ్ఱపెట్టుచున్నారు.

ఇండొనీషియా కథ మనకు మఱింత బోధకరమైనది. ముడి నికెలు పరదేశములకుఁ బోయి లాభ మక్కడనే నిలిచిపోవుచున్నదని గ్రహించి యా ప్రభుత్వము 2020 జనవరి నుండి ముడి ఖనిజపు టెగుమతిని నిషేధించినది. స్వదేశాభిమానులు మెచ్చఁదగిన పని యిది. కొలిమిశాలలు సులవేసి, హల్మహేర ద్వీపములకే వచ్చినవి. లోకపు నికెలులో సగమునకుఁ బైగా నేఁడు అక్కడనే పుట్టుచున్నది. కాని యా కొలిమిశాలలకు విద్యుత్తు నిచ్చునవి క్రొత్తగాఁ గట్టిన బొగ్గు విద్యుత్కేంద్రములు. అడవులు నఱకఁబడినవి, తీరములందు మత్స్యకారుల నీరు ఎఱ్ఱబాఱినది. లాభమును స్వదేశమునకుఁ దెచ్చుకొన్నను, ఆ లాభముతోఁబాటు వచ్చు భారమును స్వదేశములోనే యెవరు మోయవలెనో నిర్ణయింపకున్నచో స్వదేశీయము సంపూర్ణము గాదని దీనివలన మేము నేర్చుకొనుచున్నాము.

కాంగోవాఁడు మనకేమి చుట్టమని యడుగువా రుండవచ్చును. ముడిసరకుల దేశముగాఁ బరుల పద్దుపుస్తకములలో నూటయేఁబది యేండ్లు వ్రాయఁబడిన జాతికి ఆ ప్రశ్న తగదు. నీలిమందు తోఁటలలో మన రైతు పడిన పాట్లను విని లండనులోని బట్టల కొనుగోలుదారుఁడు తనకేమి సంబంధమని యుండును. మన మట్టి కొనుగోలుదారులము గారాదు. మఱియు నిందు మన కొక మార్గమును గలదు. ఇనుము, భాస్వరములతోఁ జేయు లిథియము బ్యాటరీలలో కోబాల్టును నికెలును అక్కఱలేదు. మన దేశపు బండ్లలోఁ బెక్కింటిలో నిప్పుడివియే యమర్చుచున్నారు. ఉప్పులోని సోడియముతోఁ జేయు బ్యాటరీలును విపణికి వచ్చుచున్నవి. కొనువాఁడు దుకాణములో, “ఈ బ్యాటరీ దేనితోఁ జేసినది?” యని యడుగుట నేర్చుకొన్ననాఁడు వర్తకుఁడు చెప్పుట నేర్చుకొనును.

దూరమును విడిచి యింటికి వత్తము. బ్యాటరీకిఁ బుట్టుకవలెనే చావును గలదు. ఉత్తరదేశపు పట్టణములలో లక్షలకొలఁది తిరుగు విద్యుద్రిక్షాలలో ననేకము నేఁటికిని సీసపు బ్యాటరీలతోనే నడచుచున్నవి. అవి ఏఁడాది, రెండేండ్లలో నీరసించును. అప్పుడు వానిని జట్కాలమీఁదఁ బోగుచేసికొనిపోయి, ఊరిబయట నామ్లమును నేలపైఁ బాఱఁబోసి, సీసమును గరగించు దొంగకొలిములు గలవు. ఆ పొగ పిల్లల రక్తములోఁ జేరి బుద్ధిని మందగింపఁజేయును. లోకములోని పిల్లలలో మూఁడింట నొకరి రక్తమున సీసము మితిమీఱియున్నదని 2020లో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ ప్రకటించినది. ఆ పిల్లలలో మన దేశమువారే సుమారు 27 కోట్లమంది యని యంచనా వేసినది. ఈ సీసమంతయు రిక్షాల నుండి వచ్చినది గాదు; మోటారు కార్లు, ఇండ్లలోని ఇన్వర్టర్ల బ్యాటరీలు, పసుపులో రంగుకొఱకుఁ గలుపు సీసపు మందు, ఇంకను బెక్కు త్రోవలు గలవు. కాని పొగలేని బండియని మనము మెచ్చుకొను దానివలన నీ కొలిమికిఁ గట్టెలు పెరుగుట మాత్రము నిజము. 2022 ఆగస్టులో నేర్పడిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, బ్యాటరీ నమ్మినవారే దానిని దిరిగి చేర్చుకొని శుద్ధిచేయింపవలెను. నియమము మంచిది. దానిని నడపుటయో? మన పురపాలక సంఘములలో నెన్నింటికడఁ బాత బ్యాటరీ నప్పగించు స్థలము గలదో పాఠకులే తమ తమ యూళ్లలో విచారించి చూచుకొందురుగాక.

చావునకు ముందే ప్రమాదమును గలదు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదులో నొక భవనము క్రింది యంతస్తున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణమున నగ్ని పుట్టినది. పై యంతస్తులలోని వసతిగృహములో బస చేసియున్న బాటసారు లెనమండుగురు పొగలోఁ జిక్కి మరణించిరి. వారు విద్యుద్వాహనమును గొన్నవారు గారు. దాని మేలును బొందినవారు గారు. ఊరికి పనిమీఁద వచ్చి నిదురించినవారు. ఆ యేఁడే మన రాష్ట్రములలో నిండ్లయందు బ్యాటరీలు పేలి ప్రాణములు పోయిన వార్తలును వచ్చినవి. తరువాత ప్రభుత్వము బ్యాటరీ పరీక్షలను గఠినము చేసి, 2022 డిసెంబరు నుండియు, 2023 మార్చి చివర నుండియు రెండు విడతలుగా నమలు జరిపినది. లెక్కకుఁ జూచినచోఁ బెట్రోలు బండ్లును మండుచునే యున్నవి. కాని పెట్రోలును నిలువచేయు చోటికి లైసెన్సును, ఇసుక బకెట్లును, దూరపు కొలతయుఁ గలవు. ఇరుకు సందులలోని మేడమెట్ల క్రింద, నిద్రించు గదిలో, రాత్రియంతయు బ్యాటరీకిఁ గరెంటు ఎక్కించుకొను నలవాటునకు నట్టి కట్టుబాటేమి యున్నది? బాడుగ యింటిలో నుండు పేదవానికి వేఱు స్థలమెక్కడిది? వానికి బజారులోఁ బేరులేని చౌక బ్యాటరీయే దిక్కగుచున్నది.

ఇఁకఁ గరెంటు సంగతి. మన దేశపు విద్యుత్తులో నూటికి సుమారు 70 పాళ్లు నేఁటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నవి. బెజవాడ వీథిలోఁ దగ్గిన పొగలోఁ గొంత ఇబ్రహీంపట్టణపు గొట్టములనుండియు, హైదరాబాదులోఁ దగ్గిన పొగలోఁ గొంత రామగుండము, కొత్తగూడెముల గొట్టములనుండియు లేచునని చెప్పుట కఠోరముగా నుండవచ్చును. కాని యసత్యము గాదు. నగరవాసి యూపిరితిత్తులకు విశ్రాంతి దొరకిన దినమున గోదావరి తీరపు బూడిదచెఱువు ప్రక్కనున్న పల్లె నెవరును దలంపరైరి. దీనికి మందు గలదు. పగటివేళ సూర్యరశ్మి నుండి పుట్టు విద్యుత్తు సమృద్ధిగా నున్నది. ఒక్కొక్కప్పుడు కొనువారు లేక దానిని నిలుపుచేయవలసివచ్చుచున్నది. కాని మనవారు బండికిఁ గరెంటు నెక్కించునది ఇంటికి వచ్చిన తరువాత, సూర్యుఁ డస్తమించి, బొగ్గు కొలుములు నిండుగా మండు వేళ. కచేరీలయొద్ద, మిల్లులయొద్ద, రైలుస్టేషనులయొద్ద, సంతబయళ్లయొద్దఁ బగటివేళఁ జౌక ధరకుఁ గరెంటు నిచ్చు నేర్పాటు చేసినచో నదే బండి, అదే బ్యాటరీ, బొగ్గును విడిచి యెండతో నడచును. ఒక వేళను మార్చుటవలనఁ గలుగు మేలు లక్ష ప్రకటనలవలనఁ గలుగదు.

రోడ్ల సంగతి మఱచినవారు పెక్కుమంది. 1927లో నియమింపఁబడిన జయకరు సంఘము మన దేశపు బాటల దుస్థితిని విచారించి, మోటారు బండ్లు తాము నలుగఁగొట్టు బాటలకుఁ దామే ద్రవ్యమియ్యవలెనని సూచించెను. దాని ఫలముగా 1929లో గ్యాలను పెట్రోలుకు రెండణాల చొప్పున నదనపు సుంకముతో రోడ్లనిధి యేర్పడినది. ఆ పద్ధతియే 2000 సంవత్సరపు శాసనముతో స్థిరపడి, 2018లోఁ బేరు మార్చుకొని నేఁటికిని సాగుచున్నది. రాష్ట్రప్రభుత్వముల బొక్కసమునకును బెట్రోలు పన్ను పెద్ద యూఁత. తెలంగాణములో 2025లో నీ పన్ను నూటికి 35.20 పాళ్లుగా నుండెను. విద్యుద్వాహనము పెట్రోలు త్రాగదు. కావున నీ పన్ను నియ్యదు. పైగాఁ దెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో నిచ్చిన యుత్తరువు ప్రకారము 2026 డిసెంబరు 31 వఱకు నీ బండ్లకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయింపఁబడినవి.

ఇందువలని పరిణామము నాలోచింపుఁడు. ఏఁబది లక్షల రూపాయల విద్యుత్కారు కొన్న ధనికుఁడు బాటకుఁ బైస యియ్యకుండ నదే బాటమీఁదఁ బోవుచుండఁగాఁ, బాత మోపెడుపైఁ గూరగాయల బుట్టలు మోసికొనిపోవు చిల్లర వర్తకుఁడు లీటరు లీటరునకును ఆ బాటకుఁ బన్ను కట్టుచున్నాఁడు. ప్రోత్సాహము శైశవములో నుచితము; పెరిగిన బిడ్డను జంకనెత్తుకొని తిరుగుట ప్రేమ గాదు. ఈ చిక్కు నెదుర్కొన్న యితరదేశములు మేల్కొనినవి. న్యూజిలాండు 2024 ఏప్రిలు నుండి విద్యుద్వాహనములు తిరిగిన దూరమునుబట్టి రుసుము వసూలు చేయుచున్నది. బ్రిటను 2025 ఏప్రిలు నుండి వీనికి రోడ్డు పన్ను విధించి, 2028 నుండి మైలుకింతయని వసూలు చేయ నిశ్చయించినది. మన ప్రభుత్వములు బొక్కసము వట్టిపోయిన దినమున నెవరిపైఁ జేయి వేయును? ఉప్పుమీఁద, పప్పుమీఁద, బస్సు చార్జీమీఁదనా? ఇప్పుడే బండి వెలను, బరువును బట్టి మినహాయింపును దశలవారీగాఁ దగ్గించుటయు, చిన్న స్కూటరును, బస్సును మాత్రము చిరకాలము గాపాడుటయు న్యాయమని మా యభిప్రాయము.

బెజవాడ ఆటోనగరును జూడని తెలుఁగువాఁ డరుదు. అచ్చట వేలకొలఁది కుటుంబములు ఇంజను విప్పి బిగించుటమీఁద, పిస్టను సానపట్టుటమీఁద, గేరుపెట్టె బాగుచేయుటమీఁద బ్రతుకుచున్నవి. పదియవ తరగతి దాఁటని కుఱ్ఱవాఁడు గురువు చేతి క్రింద నాఱేండ్లు నూనెమరకలలో నేర్చిన విద్య యది; ఏ విశ్వవిద్యాలయమును దాని నతనికి నేర్పలేదు. విద్యుద్వాహనములో నింజను లేదు, కార్బురేటరు లేదు, మార్చవలసిన ఇంజను నూనె లేదు. ఉన్న మోటారు, బ్యాటరీ, వాని నడుపు యంత్రమెదడు తయారీదారుని తాళముతో మూయఁబడియున్నవి. అతని సంకేతాక్షరములు లేనిదే వీథి మెకానిక్కు దానిలోని దోషమును గుర్తింపనైనఁ జాలఁడు. మగ్గములు యంత్రములకు లొంగిన కాలమున మన నేతగాండ్ర గతి యేమైనదో యెఱిఁగిన జాతి, ఈ పనివాండ్ర విషయమున నిద్రపోరాదు. బండ్ల మరమ్మతునకు వలయు తాళపుచెవులును, పుస్తకములును తెలుఁగుభాషలో నందఱికి నందునట్లు చట్టముండవలెను. ఆటోనగరులోనే, ఆ పాకల ప్రక్కనే, సాయంకాలపు శిక్షణశాలలు తెఱవవలెను. పనిపోయిన పిమ్మట నిచ్చు పరిహారముకంటెఁ బని పోకముందు నేర్పు విద్య శ్రేష్ఠము.

చిన్నవిగాఁ గనఁబడు సంగతులు రెండు మిగిలినవి. మేము మొదట మెచ్చుకొన్న నిశ్శబ్దమే యొకటి. కంటిచూపు లేనివాఁడు చెవితోఁ దోవ చూచుకొనును; వృద్ధురాలు వెనుకనుండి వచ్చు మ్రోఁతను బట్టి ప్రక్కకుఁ దొలఁగును. ఐరోపాలో 2021 నుండి క్రొత్త విద్యుత్కార్లన్నియు మెల్లగాఁ బోవునప్పుడు కృత్రిమ ధ్వని చేయవలెనని నియమము గలదు. మన కేంద్రప్రభుత్వము 2025 సెప్టెంబరులోఁ గార్లకు, బస్సులకు, లారీల కట్టి ప్రతిపాదనను బ్రకటించినది; మన వీథులలో నధికముగాఁ దిరుగు స్కూటర్ల నందుఁ జేర్చలేదు. రెండవది ధూళి. బ్యాటరీ బరువుచే విద్యుత్కారు అదే పరిమాణపుఁ బెట్రోలు కారుకంటె బరువుగా నుండును. బ్రేకుల యరుగుదల తగ్గును గాని టైర్ల యరుగుదల పెరుగును. టైరు పగులకుండఁ గలుపు నొక మందు గాలితోఁ గలసి విషమై, వానతో వాఁగులలోఁ బడి సాలమను చేఁపలను జంపుచున్నదని 2020లో నమెరికా శాస్త్రజ్ఞులు కనుఁగొనిరి. గొట్టములేని బండియైనను చక్రములేని బండి గాదు.

“మీరు చెప్పినదంతయు విని జనులు పెట్రోలునకే యంటిపెట్టుకొనినచో నేమి లాభము? చమురు వర్తకునకు మీ రుపకారము చేయుచున్నారు” అని మిత్రులు మమ్ము నిందింపవచ్చును. చమురు వర్తకుని లెక్కపుస్తకము దీనికంటె మిక్కిలి నల్లనిదని మే మెఱుఁగుదుము. నైజరు నది ముఖద్వారమునఁ జమురు చింది చెడిన పొలములను, ఆ చమురు కొఱకు జరిగిన యుద్ధములను ఎవరు మఱతురు? చమురు ఒక్కమాఱు కాలిన నిఁక రాదు. లోహము కరగించినచో మఱల వచ్చును. ఈ భేదమే విద్యుద్వాహనమునకుఁ గల గొప్ప యాశ. కాని లోహము తనంతట తాను దిరిగిరాదు, తెచ్చు నేర్పాటుండవలెను. మంచి కార్యమును లెక్కలేక చేసి, దాని పాపము బయటఁబడిన దినమున జనులు కార్యమునే ద్వేషింతురు. అట్టి దినము రాకుండుటకే మేమిది వ్రాయుచున్నాము. ఇల్లలుకఁగనే పండుగ కాదు. బండి మార్చఁగనే ధర్మము కాదు.

ఐనచోఁ జేయవలసినదేమి? అన్నిటికంటె ముందు బస్సు. ఒక బస్సు బ్యాటరీ ప్రయాణికులకుఁ బంచినచోఁ దలకు వచ్చు లోహము, ఒక్కఁడు కూర్చుండు కారులోని లోహముకంటె నెంతయో తక్కువ. ధనికుల కార్లకిచ్చు మినహాయింపులోఁ గొంతయైనఁ దెచ్చి పల్లెలకు విద్యుద్బస్సులు వేసినచోఁ గాంగోలో ఒక గొయ్యి తక్కువగును. మన పల్లెలో ఒక విద్యార్థి కళాశాలకుఁ జేరును. రెండవది, ప్రతి పురపాలక సంఘమును బాత బ్యాటరీల సేకరణకు స్థలము చూపి, తెచ్చినవానికి వెల యిచ్చి, దొంగకొలిములను మూయింపవలెను. మూఁడవది, ఇరుకు పేటలలో నగ్నిభయము లేని సామాన్య కరెంటుశాలలు, పగటివేళఁ జౌక ధర. నాలవది, ఆటోనగరులకుఁ గ్రొత్త విద్య. అయిదవది, తీరపు టిసుకనైనను, ఏ కొండనైనను త్రవ్వుటకు ముందు అక్కడివారి నడుగుట. వీనిలో నేదియుఁ జంద్రమండలమునకుఁ బోవు పని గాదు. పురపాలక సంఘసభ్యుఁడును, శాసనసభ్యుఁడును తమ పదవీకాలములోఁ జేయఁగల పనులే.

పాఠకమహాశయులలోఁ బలువు రీ పత్రికను గ్రంథాలయమునఁ జదివి యింటికిఁ బోవునప్పుడు బయట నిలిపిన క్రొత్త బండి నెక్కుదురు. సిగ్గుపడవలసినది లేదు, ఎక్కుఁడు. కాని మీటనొక్కుటకు ముందొక్క క్షణము, దానిలో నిమిడియున్న చేతులను దలంచుకొనుఁడు: సొరంగములోని చేతులు, ఉప్పుమడిలోని చేతులు, కొలిమివద్దఁ గాలిన చేతులు, ఆటోనగరులో ఖాళీగా వ్రేలాడు చేతులు. పిమ్మట మీ వార్డు సభ్యుని యింటి ముందు బండి నాపి, “అయ్యా, ఈ బ్యాటరీ చచ్చిన దినమున దీని నెక్కడ నప్పగింపవలెను?” అని యొక్క ప్రశ్న యడుగుఁడు. ఆయన కుత్తరము తెలియకున్నచో మఱునాఁడు మఱియొకరు అడుగుదురుగాక. పదిమంది యడిగిన ప్రశ్నకుఁ బురపాలక సంఘములో నుత్తరము పుట్టక తప్పదు. పొగలేని బండి మనకు లభించినది. అన్యాయములేని బండిని మనమే సంపాదించుకొనవలెను.